జిల్లా ఫుట్‌బాల్ లీగ్‌కు నిబంధనలు రాసేముందు పోలండ్ పట్టిక చూడండి

సంపాదకులు గారికి,

అయ్యా,

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఫుట్‌బాల్ పోటీ అనగానే ఎక్కువగా కనిపించేది నాకౌట్ టోర్నమెంటే. 16 జట్లు వస్తే మొత్తం 15 మ్యాచ్‌లు. మొదటి రౌండ్ అయ్యేసరికి 8 జట్లు సంచులు సర్దుకుంటాయి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో తుఫాన్ బండి కిరాయికి మాట్లాడుకొని వచ్చిన పిల్లలు ఒక్క మ్యాచ్ ఆడి, పెనాల్టీల్లో ఓడి వెనక్కి పోతారు. అదే 8 జట్లు ఒకరితో ఒకరు రెండేసిసార్లు ఆడే లీగ్ పెడితే 56 మ్యాచ్‌లు జరుగుతాయి, ప్రతి జట్టుకూ 14 దక్కుతాయి. లీగ్ పెట్టాలన్న మాట మన దగ్గర అప్పుడప్పుడూ వినబడుతూనే ఉంది. కానీ నిబంధనలు ముందే రాసుకోకపోతే ఆ లీగ్ సగంలోనే ఆగిపోతుంది. ఏ నిబంధనకు ఏ ఫలితం వస్తుందో చూడటానికి పోలండ్ మొదటి డివిజన్ ‘ఎక్స్‌ట్రాక్లాసా’ బాగా పనికొస్తుంది. మన ఆటల పేజీల్లో దాని ఊసు ఉండదు కాబట్టి ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా ప్రచురించమని మనవి.

పోలండ్ ఆటగాడు లెవాండోస్కీ పేరు తెలియని ఫుట్‌బాల్ అభిమాని ఇక్కడ ఉండడు. అతను 2006–07లో ప్రూష్కుఫ్ అనే చిన్న పట్టణం జట్టు జ్నిచ్ తరఫున పోలండ్ మూడో డివిజన్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది అదే జట్టుతో రెండో డివిజన్‌లోనూ అతనిదే మొదటి స్థానం. తర్వాత పోజ్నాన్ నగరపు లెఖ్ జట్టుకు మారి, 2009–10లో 18 గోల్స్‌తో ఎక్స్‌ట్రాక్లాసా టాప్ స్కోరర్ అయ్యాడు, ఆ జట్టు చాంపియన్ అయింది. జర్మనీ వెళ్లింది ఆ తర్వాతే. ప్రతిభ సంగతి అలా ఉంచితే, మూడో డివిజన్‌లో కూడా ఏడాది పొడవునా వారం వారం మ్యాచ్ ఉండటం వల్లే ఆ మెట్లు ఒక్కొక్కటీ ఎక్కగలిగాడు.

ఇప్పుడు ఎక్స్‌ట్రాక్లాసాలో 18 జట్లున్నాయి. ఒక్కొక్కటి 34 మ్యాచ్‌లు ఆడుతుంది. సీజన్ మొత్తం 306. జూలైలో మొదలై మేలో ముగుస్తుంది. డిసెంబర్, జనవరిల్లో మంచు వల్ల నడుమ విరామం ఉంటుంది. చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు దిగుతాయి. కింది డివిజన్‌లో మొదటి రెండు జట్లు నేరుగా పైకి వస్తాయి. మూడు నుంచి ఆరో స్థానం వరకు ఉన్న నాలుగు జట్లు ప్లేఆఫ్ ఆడితే అందులో గెలిచిన ఒకటి వస్తుంది. పైకి వచ్చిన జట్లకు నెగ్గుకురావడం కష్టమని అనుకుంటాం గానీ, 2024–25లో కొత్తగా వచ్చిన మోటర్ లుబ్లిన్ 7వ స్థానంలో, జీకేఎస్ కతోవిత్సె 8వ స్థానంలో నిలిచాయి.

ఇంకో ఉదాహరణ దీనికన్నా గట్టిది. 2022–23 సీజన్ ముగిసేసరికి బియాలిస్తోక్ నగరపు యాగెల్లోనియా 14వ స్థానంలో, వ్రోత్స్వాఫ్ నగరపు శ్లాంస్క్ 15వ స్థానంలో ఉన్నాయి. అంటే దిగిపోయే గీతకు కాస్త పైన. మరుసటి ఏడాది ఇవే రెండు జట్లు చెరి 63 పాయింట్లతో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. యాగెల్లోనియా తన చరిత్రలో తొలిసారి చాంపియన్ అయింది. ఆ సీజన్‌లో 19 గోల్స్ కొట్టిన ఎరిక్ ఎక్స్‌పోసితో అనే శ్లాంస్క్ ఆటగాడు వేసవిలో ఖతర్ క్లబ్‌కు వెళ్లిపోయాడు. జట్టు మొత్తం కొట్టినవి 50 అయితే అందులో 19 అతనివే. ఆ లోటు పూడలేదు. 2024–25 చివర శ్లాంస్క్ రెండో డివిజన్‌కు దిగింది. ఒక్క ఆటగాడి మీద ఆధారపడే జట్లు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. నాకౌట్‌లో ఆ బలహీనత బయటపడదు, అతను ఉన్న రోజు కప్పు కొట్టేస్తారు. 14 వారాల లీగ్‌లో మాత్రం అతనికి పరీక్షలో, చెల్లె పెళ్లో, కాలి నొప్పో తప్పదు.

ఇక పాయింట్ల లెక్క. 2024–25లో లెఖ్ పోజ్నాన్ 70 పాయింట్లతో చాంపియన్, రాకుఫ్ 69తో రెండోది. లెఖ్ 22 గెలిచి, 4 డ్రా చేసుకొని, 8 ఓడింది. రాకుఫ్ 20 గెలిచి, 9 డ్రా చేసుకొని, 5 మాత్రమే ఓడింది. తక్కువ ఓడిన జట్టుకు కప్పు రాలేదు. గెలుపుకు 3 పాయింట్లు కాకుండా పాత పద్ధతిలో 2 ఇచ్చి ఉంటే (డ్రాకు రెండు పద్ధతుల్లోనూ 1) లెఖ్‌కు 48, రాకుఫ్‌కు 49 వచ్చేవి, కప్పు చేతులు మారేది. పోలండ్ 1995–96 నుంచి మూడు పాయింట్ల పద్ధతికి మారింది. మన లీగ్‌కూ మూడే మంచిదని మా అభిప్రాయం. రెండు పాయింట్లు పెడితే చివరి ఇరవై నిమిషాలు రెండు జట్లూ బంతిని వెనక్కి తన్నుకుంటూ కూర్చుంటాయి. లీగ్‌లో డ్రా అయితే డ్రానే. పెనాల్టీలు కొట్టించి తేల్చే అలవాటు మానుకోవాలి.

పాయింట్లు సమానమైతే ఎవరు పైన? అసలు గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. పోలండ్‌లో ఇప్పుడు ముందుగా ఆ రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌లలో వచ్చిన పాయింట్లు చూస్తారు. అవీ సమానమైతే ఆ మ్యాచ్‌ల గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే వచ్చేది), ఆ తర్వాతే సీజన్ మొత్తం గోల్స్ తేడా. యాగెల్లోనియా, శ్లాంస్క్ చెరి 63 దగ్గర ఆగినప్పుడు ఏ గొడవా లేకుండా తేలిపోయింది, ఎందుకంటే ఆ క్రమం సీజన్‌కు ముందే కాగితం మీద ఉంది.

మొత్తం గోల్స్ తేడాను ముందు పెడితే ఏమవుతుందో 1993 జూన్ 20న అక్కడ చూశారు. చివరి రౌండ్‌కు ముందు లెజియా వార్సా, ఎల్‌కేఎస్ వూజ్ సమాన పాయింట్లతో ఉన్నాయి. కప్పు గోల్స్ తేడాతో తేలాలి. ఆ రోజు లెజియా క్రకూఫ్ వెళ్లి అక్కడి విస్వా జట్టును 6–0తో, వూజ్ జట్టు ఒలింపియా పోజ్నాన్‌ను 7–1తో ఓడించాయి. పోలండ్ అభిమానులు ఆ రోజును నేటికీ ‘అద్భుతాల ఆదివారం’ అని ఎగతాళి చేస్తారు. కొద్ది వారాలకు ఫుట్‌బాల్ సమాఖ్య రెండు మ్యాచ్‌ల ఫలితాలనూ రద్దు చేసింది, కప్పు లెఖ్ పోజ్నాన్‌కు వెళ్లింది, లెజియా, వూజ్ జట్లకు ఆ ఏడాది యూరప్ పోటీల్లో చోటు పోయింది. చివరి రౌండ్ మ్యాచ్‌లన్నీ ఒకే సమయానికి పెడితే మోసం ఆగుతుందని చాలామంది నమ్మకం. అది కావాల్సిందే, కానీ చాలదు. పోటీలో ఏమీ మిగలని ప్రత్యర్థి దొరికితే గోల్స్ కొనడం తేలిక. పరస్పర మ్యాచ్‌ల లెక్క ముందుంటే కొన్న గోల్స్‌తో లాభం ఉండదు. మన దగ్గర చివరి రౌండ్‌లో 4 మ్యాచ్‌లు ఒకే సమయానికి జరపాలంటే నాలుగు గ్రౌండ్లు, నలుగురు రిఫరీలు కావాలి. అంతమంది దొరకకపోతే కప్పుకు, కింది స్థానానికి సంబంధం ఉన్న మ్యాచ్‌లనైనా ఒకే గంటకు మొదలుపెట్టించాలి.

నిర్వాహకులకు మరీ తెలివి ఎక్కువైతే వచ్చే చిక్కులూ అక్కడివే ఉన్నాయి. 2013–14 నుంచి కొన్నేళ్లు 16 జట్లు 30 మ్యాచ్‌లు ఆడాక పట్టికను పై ఎనిమిది, కింది ఎనిమిదిగా చీల్చి, ఇంకో 7 మ్యాచ్‌లు ఆడించారు. మొదటి నాలుగు సీజన్లలో చీల్చేటప్పుడు పాయింట్లను సగం చేసేవారు. బేసి సంఖ్య అయితే పైకి సవరించేవారు. 59 పాయింట్ల జట్టుకు 30, 60 పాయింట్ల జట్టుకూ 30. కష్టపడి తెచ్చుకున్న ఆ ఒక్క పాయింట్ ఆధిక్యం మాయం. నవంబర్‌లో గెలిచిన మ్యాచ్‌కు ఒకటిన్నర పాయింట్ విలువ, మేలో గెలిచిన దానికి మూడు. ఉత్కంఠ కోసం చేశారు, ఉత్కంఠ వచ్చింది కూడా: 2016–17 చివరి రోజున నాలుగు జట్లకు కప్పు అవకాశం ఉంది, ముగిసేసరికి లెజియాకు 44, మిగతా మూడింటికి తలా 42. అయినా ఆ పద్ధతిలో న్యాయం లేదని 2017–18 నుంచి సగం చేయడం మానేశారు. 37 రౌండ్లతో క్యాలెండర్ కిక్కిరిసిపోతోందని తర్వాత చీల్చడమూ మానేసి, 2021–22 నుంచి 18 జట్లు, 34 రౌండ్లు అనే మామూలు పద్ధతికి వచ్చారు. మనవాళ్లకు సెమీఫైనల్, ఫైనల్ లేకపోతే ముఖ్య అతిథిని పిలవడానికి వీలుకాదన్న బెంగ ఒకటి ఉంది. కప్పు చివరి ఆదివారం ఇవ్వవచ్చు. దానికోసం పట్టికను చెడగొట్టనక్కర్లేదు.

మైదానం విషయంలో అక్కడ మొహమాటం లేదు. ప్రతి క్లబ్బూ ఏటా లైసెన్స్ తెచ్చుకోవాలి; మంచు కరగడానికి గడ్డి కింద వేడి చేసే ఏర్పాటు, ఫ్లడ్‌లైట్లు ఉండాలి. క్రకూఫ్ పక్కనున్న చిన్న పట్టణం నియెపొవొమిత్సె జట్టు పుష్చా 2023లో పైకి వచ్చింది గానీ సొంత మైదానం ఆ కొలతకు సరిపోలేదు. మొదట్లో హోం మ్యాచ్‌లను క్రకూఫ్‌లో క్రకోవియా క్లబ్ స్టేడియంలో ఆడింది. పొడుగు త్రోలు, కార్నర్లు, ఫ్రీకిక్కుల మీదే ఎక్కువ ఆధారపడి మొదటి ఏడాది నిలబడింది, రెండో ఏడాది దిగిపోయింది. అయినా చిన్న ఊళ్లకు దారి మూసుకుపోలేదు: వెయ్యి మంది కూడా లేని నియెచెచా అనే పల్లె జట్టు 2015లో తొలిసారి, 2025లో మూడోసారి పై డివిజన్‌కు వచ్చింది.

మన లైసెన్స్ ఇంకా చిన్నది: రెండు వైపులా వలలున్న గోల్ పోస్టులు, తాగునీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, గీతలు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. గీతల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు మైదానానికి పెనాల్టీ బాక్సులు, నడిమి వృత్తం అన్నీ కలిపితే గీత సుమారు 700 మీటర్లు అవుతుంది. దీనికి సున్నం వాడొద్దు; తడి తగిలితే మోకాళ్లు, కళ్లు మండిపోతాయి. ముగ్గు పిండి చాలు. ఈ మాత్రం లేని జట్టు తన హోం మ్యాచ్‌లు పక్క పట్టణం గ్రౌండులో ఆడుకోవాలి, పుష్చా ఆడినట్టే.

8 జట్ల షెడ్యూల్‌కు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. జట్లకు 1 నుంచి 8 అంకెలు చీటీలు తీసి ఇవ్వండి. మొదటి రౌండ్ 1–8, 2–7, 3–6, 4–5. 1ని కదపకుండా మిగతా ఏడింటినీ ఒక్కో స్థానం జరిపితే రెండో రౌండ్ 1–7, 8–6, 2–5, 3–4. ఇలా ఏడు రౌండ్లు తిప్పి, తర్వాతి ఏడింటిలో హోం, బయటి మ్యాచ్‌లు తారుమారు చేయాలి. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే 1వ జట్టు ఎప్పుడూ ముందు రాసి ఉంటుంది కాబట్టి మొదటి ఏడు మ్యాచ్‌లూ దానికి సొంతూళ్లోనే పడతాయి. రౌండ్ విడిచి రౌండ్ ఆ జంటను తిరగేసి రాయాలి. మంచు అక్కడి శత్రువైతే ఎండ మనది: అక్టోబర్ చివరి ఆదివారం మొదలుపెట్టి ఫిబ్రవరి రెండో ఆదివారానికి ముగిస్తే సుమారు 16 ఆదివారాలు. 14 రౌండ్లకు పోగా ఒకటి సంక్రాంతికి, ఒకటి వానకు. ప్రయాణానికి మిర్యాలగూడ–నల్లగొండ, గద్వాల–మహబూబ్‌నగర్ జట్లకు రైలు ఉంది. మిగతావాటికి ఆర్టీసీ బస్సు వేళలు చూసి మ్యాచ్ మధ్యాహ్నం మూడుకు పెట్టాలి.

లీగ్‌లు ఆగిపోయేది మాత్రం పదో వారంలో, కింద ఉన్న జట్టు రావడం మానేసినప్పుడు. రాని జట్టు 0–3తో ఓడినట్టు రాయడం పోలండ్ పద్ధతి. దానికి తోడు ప్రతి జట్టు దగ్గరా ధరావతు కట్టించుకొని, చివరి మ్యాచ్ ఆడాకే తిరిగివ్వాలి. సగం మ్యాచ్‌లకు ముందే తప్పుకుంటే ఆ జట్టు ఫలితాలన్నీ కొట్టేయాలి. సగం దాటాక తప్పుకుంటే మిగిలినవి 0–3 కింద రాయాలి. ఈ తేడా ముందే రాయకపోతే, దాని మీద గెలిచిన జట్టూ ఓడిన జట్టూ కొట్లాడుకుంటాయి. పసుపు కార్డులకూ హద్దు ఉండాలి: ఎక్స్‌ట్రాక్లాసాలో నాలుగో కార్డుకు ఒక మ్యాచ్ నిషేధం, మన 14 మ్యాచ్‌లకు మూడో కార్డుకే పెడితే సరిపోతుంది.

చివరగా మీ పత్రికకు ఒక వినతి. అలాంటి లీగ్ మొదలైతే జిల్లా పేజీలో సోమవారం సోమవారం పట్టిక వేయండి: ఆడినవి, గెలిచినవి, డ్రా, ఓడినవి, కొట్టిన గోల్స్, తిన్న గోల్స్, పాయింట్లు. అచ్చుకు ముందు డెస్కులో మూడు కూడికలు చూస్తే చాలు. గెలుపుల మొత్తం ఓటముల మొత్తానికి సమానం కావాలి, డ్రాల మొత్తం సరి సంఖ్య కావాలి, కొట్టిన గోల్స్ మొత్తం తిన్న గోల్స్ మొత్తానికి సరిపోవాలి. ఒక్కటి తప్పినా ఆ వారం స్కోరు షీట్లు మళ్లీ తెప్పించుకోండి.

ఇట్లు,
ఫుట్‌బాల్ అభిమానులం, నల్లగొండ