నువ్వు కాదన్నది సబబే, అమ్మలూ

విజయవాడ

చిరంజీవి అమ్మలుకు అమ్మ ఆశీస్సులు.

బందరు రోడ్డులో కొత్తగా తెరుస్తున్న నగల దుకాణం వాళ్లకూ, టీవీ కార్యక్రమం వాళ్లకూ రాలేనని చెప్పావని నాన్నగారు చెప్పారు. సోనీపత్ విలువిద్య శిబిరం నుంచి దొరికే కొద్దిపాటి సెలవును నాయనమ్మ కంటి ఆపరేషన్‌కు అట్టేపెట్టావని విని ఆమె ఎంతో సంబరపడింది. చుక్కల మందు నువ్వే వేయాలట.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనీ, పతకం వచ్చిన ఈ వేడిలో నలుగురికీ కనిపించకపోతే తర్వాత పిలిచేవారుండరనీ పెదమామయ్య అన్నారు. నీ మేలు కోరే అన్నారు కనుక నొచ్చుకోకు. కానీ ఆ దీపానికి చమురు నీ సాధనేనని నేను గట్టిగానే చెప్పాను. 50 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే, మన కాఫీ గ్లాసు మూతి కన్నా కాస్త ఎక్కువ. 72 బాణాల్లో ఒక్కటి వలయం దాటినా స్థానం మారిపోవచ్చు. కిందటిసారి సెలవు తర్వాత తొలిరోజు, తీగ ముక్కు కొసను తాకేదాకా లాగి నిలిపినప్పుడు నీ ఎడమ భుజం సన్నగా వణకడం మైదానం గట్టు మీద కూర్చుని కళ్లారా చూశాను. ఆ వణుకు తగ్గడానికి ఎన్ని పూటలు పట్టిందో ప్రారంభోత్సవాలకు పిలిచేవారికి తెలియదు.

2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి వచ్చిన పుల్లెల గోపీచంద్ శీతల పానీయం ప్రకటనకు ఒప్పుకోలేదు. ఇంటిని చూసుకుంటే ఆట పోతుందనేవారికి నేను కోనేరు హంపి పేరు చెబుతాను. 2002లో పదిహేనేళ్లకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయిన మన కృష్ణా జిల్లా బిడ్డ, తల్లి కావడం కోసం ఆటకు దూరంగా ఉండి, తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. నీ ముందు 2028 ఉంది. నీ కాంపౌండ్ విల్లు, అదే కప్పీల విల్లు, విభాగంలో ఆడా మగా కలిసి ఆడే మిశ్రమ జట్టు పోటీ ఒలింపిక్స్‌లోకి రావడం లాస్ ఏంజెలెస్‌లోనే మొదలు.

డబ్బు గురించి బెంగపడకు. విల్లుకూ బాణాలకూ అయ్యే ఖర్చు మాకు తెలియనిది కాదు, మేము సర్దుకోగలం. ఎవరైనా పరికరాలిచ్చి చొక్కా మీద పేరు మాత్రమే అడిగితే ఒప్పుకో, అందులో నీ పూట పోదు. నీ రోజులు అడిగేవారినే కాదను.

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే నాన్నగారు ఫోన్ చేస్తారు, వెంటనే టికెట్టు తీసుకో. విల్లు పెట్టె వెంట తెచ్చుకో. పొద్దున పూట ఇక్కడి మైదానంలో సాధన చేసుకోవడానికి మీ పాత కోచ్‌గారిని అడిగి ఉంచాను. ఆ వేళకు నాయనమ్మకు చుక్కల మందు నేను వేస్తాను, మిగతా పూటలు నీవి.

ఇట్లు,
అమ్మ