లావణ్యకు, గోల్ఫ్ 7-ఐరన్ సంగతి

బిడ్డా లావణ్యా,

ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. నల్లావు ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ జున్ను చేసి, నీ పేరు తలుచుకుంట సగం యాదమ్మకు పెట్టింది. బత్తాయి కాయ మంచిగ పట్టింది గని దళారి పాత పాటే పాడుతుండు. నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. ఎత్తితే "తర్వాత చేస్త నాయినా" అంటవ్. ఆ తర్వాత అన్నది ఇయ్యాల్టికి ఇరవై రెండు రోజులాయె. అందుకే ఉత్తరం. ఉత్తరాన్ని మధ్యల కట్ చెయ్యరాదు గద.

నేనేం అడగదలుచుకోలే, ఊరికెనే రాస్తున్న. సైదులు కొడుకు మొన్న బెంగళూరు నుంచి వచ్చిండు. నిన్ను గోల్ఫ్ బంతులు కొట్టే రేంజ్ కాడ చూసిండట. ఎడమ మోచేతికి పట్టీ ఉన్నదన్నడు, కొత్త ఫోర్జ్డ్ ఐరన్ల సెట్టుకు బయానా ఇచ్చినవన్నడు. వాని మాటల్ల సగం అబద్ధముంటదని ఊరంతా ఎరుకే. ఏ సగమో నాకు తెల్వది.

సరే, ఐరన్ల సంగతే మాట్లాడుకుందాం, అదే ఉక్కు తలలున్న గోల్ఫ్ కర్రలు. తల మీది అంకె పెరిగినకొద్ది కర్ర పొట్టిగైతది, బంతి ఎత్తుకు లేస్తది, దూరం తగ్గుతది.

మీ తాత కొలిమిల కర్రు కాల్చి సమ్మెటతోటి సాగగొట్టేది నువ్వు చూసినవ్. ఫోర్జింగ్ అంటే గదే. మెత్తటి ఉక్కు కడ్డీని దగ్గర దగ్గర 1200 డిగ్రీల దాక కాల్చి, అచ్చుల నడుమ పెట్టి రెండు మూడు మాట్ల దంచుతరు. అంచుకు మిగిలిన రెక్క కోసేస్తరు, సానబెడతరు, మొఖం మీద గీతలు తీస్తరు, పైన క్రోమియం పూత. 1020 ఉక్కు అంటే కార్బన్ నూటికి 0.20 పాళ్ళు, 1025 అంటే 0.25. తాత కొడవలిని నీళ్ళల్ల ముంచినట్టు దీన్ని ముంచి గట్టి చెయ్యరు. మెత్తగ ఉండుడే దాని గుణం. కాస్ట్ తల వేరే తీరు. మైనం బొమ్మ చేసి, దాని చుట్టు అచ్చు కట్టి, మైనం కరగదీసి, ఆ సందుల స్టెయిన్‌లెస్ ఉక్కు పోస్తరు. విగ్రహాలు పోసినట్టే.

"ఫోర్జ్డ్ అయితే చేతికి వెన్నలెక్క ఉంటది" అని అమ్మెటోడు చెప్తడు. చేతికి తెలిసేది చానామట్టుకు చప్పుడు, తల ఆకారం, బంతి మొఖం మీద ఏడ తగిలిందన్న సంగతి. నార్వే ఆటగాడు విక్టర్ హోవ్‌లాండ్ 2023ల అమెరికా టూరు ఫెడెక్స్ కప్ గెలిచింది పింగ్ ఐ210 ఐరన్లతోటి. అవి కాస్ట్ తలలే. మరి ఫోర్జ్డ్‌తోటి అసలు లాభమేందంటే, వంచొచ్చు. లాఫ్టు (మొఖం వెనక్కి వాలిన కోణం), లై (కర్ర నేలతోటి చేసే కోణం) రెండూ రెండు డిగ్రీల దాక అటు ఇటు నిమ్మళంగ వంగుతయ్. 17-4 స్టెయిన్‌లెస్‌ను వంచబోతే స్ప్రింగులెక్క వెనక్కొస్తది, బలవంతం చేస్తే హోసెల్ కాడ, అంటే తలల కడ్డీ దిగే మెడ కాడ చీలుతది. అయితే ఈ మెత్తదనానికే ఇంకో ముఖముంది. రోజు మ్యాట్ మీద మూడువందల బంతులు కొట్టెటోళ్ళ ఫోర్జ్డ్ తల తనంతట తనే వంగుతది. ఏడాదికొక్కసారన్న కోణం కొలిచే గేజి మీద పెట్టాలె. నీది పెట్టి ఎన్నాళ్ళాయె?

తలల మూడు జాతులు. బ్లేడు అంటే వెనక సాపుగ ఉండే సన్నటి తల. తగలాల్సిన చోట తగిలితే దాని తర్వాతనే ఏదైనా. అర అంగుళం బొటనదిక్కు (తల కొసదిక్కు) జరిగితే గజాలు పోతయ్, చెయ్యి జివ్వుమంటది. రెండోది వెనక గుంట తీసి బరువును అంచులకు జరిపిన క్యావిటీ. టైట్‌లిస్ట్ టీ100, శ్రిక్సన్ జెడ్‌ఎక్స్7 ఈ జాతివి. మూడోది లోపల బోలుగ, మొఖం పల్చగ ఉండే టేలర్‌మేడ్ పీ790 అసొంటిది. ఇది దూరం పోతది, అందరు మురుస్తరు. కాని మిజునో ప్రో 221ల 7-ఐరన్ లాఫ్టు 34 డిగ్రీలైతే, పీ790ల 30.5. అంటే నువ్వు 7 అని రాసిన 6-ఐరన్ కొడుతున్నట్టు. రెండు సెట్లు పోల్చేటప్పుడు తల మీది అంకె చూడకు, లాఫ్టు అడుగు.

నీ లెక్కకు 5, 6 బోలు తలలు, 7 నుంచి వెడ్జి (9 తర్వాత వచ్చే పొట్టి ఐరన్) దాక క్యావిటీ. కలిపేటప్పుడు ఒక్కొక్క ఐరన్‌కు నడుమ నాలుగు డిగ్రీల తేడా ఉన్నదో లేదో చూడాలె, లేకుంటే రెండు ఐరన్లు ఒక్క కాడనే పడతయ్. లాఫ్టు తగ్గించి వంచితే అడుగు బౌన్సు (తల అడుగు నేలతోటి చేసే కోణం) కూడ డిగ్రీకి డిగ్రీ తగ్గుతదని యాదిపెట్టుకో. వెడ్జికి అట్ల చేస్తే నేలల దిగబడతది. బ్లేడ్లకా నువ్వు బయానా ఇచ్చింది? అడుగుతలేను, ఊరికె అంటున్న.

తల కంటే ఎక్కువ తప్పు జరిగేది షాఫ్టు, అంటే తలకు బిగించే కడ్డీ కాడ. గొడ్డలి ఎంత మంచిదైనా కామ బరువైతే మధ్యాహ్నానికి చెట్టు గాదు, మనిషి పడతడు. తాత మాట ఇది, నాది గాదు. షాఫ్టుల ముందు చూసేది బరువు. పేరు పక్కన ఎస్ ఉంటే గట్టిది, ఆర్ ఉంటే మామూలుది. డైనమిక్ గోల్డ్ ఎస్300 కొయ్యకముందు 130 గ్రాములకు అటు ఇటు. కేబీఎస్ టూర్ స్టిఫ్ 120. నిప్పన్ మోడస్ 120ల ఎస్ 114, మోడస్ 105ల ఎస్ 106.5, ఆర్ 103. ఎన్ఎస్ ప్రో 950జీహెచ్ ఎస్ 98, ఆర్ 94.5. చూసినవా, మోడస్ 120 అన్న పేరు చూసి 120 గ్రాములనుకుంటరు, అది గాదు. ఇగ ఎస్, ఆర్ అనే అక్షరాలకు దేశమంతా ఒప్పుకున్న కొలతేం లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ ఎస్ కంటే గట్టిగ ఉండొచ్చు. ఫ్రీక్వెన్సీ మిషన్ల బిగించి నిమిషానికి ఎన్ని ఊగులో లెక్కపెడితేనే నిజం తెలుస్తది.

బరువు, గట్టిదనం ఎక్కువైతే బంతి తక్కువ ఎత్తుల పోతది, కుడికి జారుతది, పన్నెండో హోల్ దాటినంక భుజం దిగుతది, మనిషి చేత్తోటి లాగుడు మొదలుపెడతడు. ఆ లాగుడే మోచేతికి వస్తది. మరీ మెత్తగైతే బంతి గాలిల లేసి ఎడమకు తిరుగుతది. ట్రాక్‌మన్ అనే వేగం కొలిచే మిషన్ల కంపెనీ వాళ్ళు చాన్నాళ్ళ కింద ఇచ్చిన లెక్కల, అమెరికా టూర్ల ఆడే మొగోళ్ళ 7-ఐరన్ వేగం సగటున గంటకు 90 మైళ్ళు, క్యారీ (బంతి గాలిల పోయే దూరం) 172 గజాలు. ఆడోళ్ళది 76 మైళ్ళు, 141 గజాలు. ఆ 76 మైళ్ళ పిల్లలు ప్రపంచమంత తిరిగి ఆడుతున్నరు. నీ వేగం సంక్రాంతికి 75. అసొంటప్పుడు 130 గ్రాముల కడ్డీ పట్టుకొని ఎవరికి చూపించాలె? అకాడమీల పోరగాళ్ళు "ఆడోళ్ళ షాఫ్టు" అని నవ్వుతరని ఒకసారి అన్నవ్. నవ్వనియ్యి. వాళ్ళ మోచెయ్యి వాళ్ళది.

పాత సెట్టు చవుకగ దొరికిందని మాత్రం తీస్కోకు. ఆ పండ్ల డాక్టరు కథ నీకు చెప్పలేదనుకుంట. మంచి జపాను ఫోర్జ్డ్ సెట్టు, 5 నుంచి వెడ్జి దాక ఆరు ఐరన్లు, ఎవరి కాడనో కొన్నడు. అన్నీ సక్కగనే పోతయ్, 7 ఒక్కటే ఎడమకు. చేతిల లోపమనుకొని మూడు నెలలు కోచింగు తీసుకున్నడు. మారలే. ఇంకెవరో లై ఎక్కువున్నదని 62 నుంచి 60కి వంచిండ్రు. అప్పుడు మంచిగ కొట్టింది కుడికి, తప్పు కొట్టింది ఎడమకు. గప్పుడు కర్రలు బాగుచేసే నా షెడ్డుకు తెచ్చిండు. లాఫ్టు సరిగ్గనే ఉన్నది. తల బరువు సరే. ఆరింటినీ వరుసగ గోడకు ఆనిచ్చి నిలబెడితే దొరికింది. స్టీలు షాఫ్టు మీద మెట్లుంటయ్ గద, హోసెల్ నుంచి మొదటి మెట్టు దాక ఉండే ఎత్తు ఒక ఐరన్ నుంచి ఇంకోదానికి ఒక్క తీరుగ మారుకుంట పోవాలె. 5, 6 సక్కగున్నయ్, 7 కాడ వరుస తప్పింది, 8 నుంచి మళ్ళ సక్కగ. మిషన్ల పెడితే ఒక్కో ఐరన్‌కు నాలుగైదు ఊగులు పెరుగుకుంట పోవాల్సింది, 7 కాడ 6 కంటే కిందికి దిగింది. గ్రిప్పు కోస్తే షాఫ్టు పైకొన రంపంతోటి కోసిన గరుకు, దాని మీద టేపు మూడు వరుసలు. సంగతేందంటే, 7 షాఫ్టు ఎప్పుడో విరిగింది, ఎవడో 5-ఐరన్ షాఫ్టు పెట్టి పైనుంచి పొట్టిగ కోసిండు. స్టిక్కరు అదే, కంపెనీ అదే, కంటికి తెల్వది. టేపర్ (కొస సన్నబడే) షాఫ్టుల పొడుగు ఐరన్‌ది తెచ్చి పొట్టిదాంట్ల పెడితే మెత్తబడతది, బంతి ఎడమకు తిరుగుతది. హోసెల్ వేడి చేసి పాతది గుంజి, లోపల జిగురు గీకి, కొత్త షాఫ్టు కొన క్రోమియం గరుకు కాగితంతోటి రుద్ది, రెండు పాళ్ళ జిగురు పెట్టి ఒక రోజు కదలకుండ ఉంచినం. లై మళ్ళ 62కు తెచ్చినం. ఆ డాక్టరు పైసలకు బదులు మీ అమ్మ దవడ పన్ను పీకిండు, ఫీజు తీసుకోలే. మీ అమ్మ ఇప్పటికీ ఆ 7-ఐరన్‌ను తిడుతది.

మోచెయ్యి నొప్పి అంటే మీ అమ్మకు ముందుగాల ఫ్లోరైడు నీళ్ళే యాదికొస్తయ్, మర్రిగూడ దిక్కు ముసలోళ్ళ ఎముకలు వంగింది కండ్ల చూసింది గద. నువ్వు పుట్టినప్పటి సంది ఎక్కడి నీళ్ళు తాగినవో లెక్క తీస్తున్నది. నేను చెప్పిన, గది గాదు, మ్యాట్ కింద సిమెంటు ఉంటదని. గడ్డి మీద బంతి వెనక కొడితే నేల వదులుతది, మ్యాట్ మీద కొడితే దెబ్బ చేతికే వస్తది. నొప్పి లోపలి ఎముక కాడనా, బయటి ఎముక కాడనా? రాయి. గ్రిప్పు కూడ చూస్కో. ఎడమ చేత్తోటి పట్టుకుంటే నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు అరచేతికి కొద్దిగ తగలాలె. లోపలికి గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, పిసికి పట్టుకుంటవ్. కింద ఇంకో టేపు వరుస వెయ్యమను. పట్టీ కట్టుకొని కొట్టుడు వైద్యం గాదు, డాక్టరుకు చూపియ్యి.

షాఫ్టులు ఎంచే తీరు చెప్త, ఇది మాత్రం చెప్పినట్టు చెయ్యి. 7-ఐరన్ తల ఒక్కటే పెట్టి షాఫ్టులు మార్చాలె. ఒక్కోదానికి పది బంతులు, అన్నీ ఒక్క తీరు బంతులు, గడ్డి మీద. దూరం పోయిన ఒకటి, పాడైన ఒకటి తీసేసి మిగిలిన ఎనిమిది చూడు. గజాల పొడుగు గాదు, ముందుకు వెనకకు ఎంత చెదిరినయో చూడు. దిగే కోణం 45 డిగ్రీలకు తగ్గితే గ్రీను (గుంత చుట్టున్న సన్న గడ్డి) మీద బంతి ఆగదు. పొద్దుగాల తాజాగ ఉన్నప్పుడు గాదు, 18 హోల్సు ఆడినంక పొయ్యి కొట్టు. లై కోసం బంతి మీద మార్కరుతోటి నిలువు గీత గీసి, ఆ గీత మొఖం దిక్కు పెట్టి కొట్టు. మొఖం మీద పడ్డ గీత నిలువుగ ఉంటే సరి. పైకొస బొటనదిక్కు వాలితే లై ఎక్కువ, మడమదిక్కు (కడ్డీ దిక్కు) వాలితే తక్కువ. షాఫ్టు మార్చినంక ఊగు బరువు, అంటే ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తదో ఆ కొలత, సరిచూడాలె. తలకు రెండు గ్రాములు కలిపితే ఒక పాయింటు పెరుగుతది, అర అంగుళం పొడుగు కలిపితే మూడు పాయింట్లు. తేలిక షాఫ్టు పెట్టినప్పుడు తల గాలిల తేలినట్టుంటే సీసం టేపు రెండు గ్రాములు వెనక అంటించు, గంతే. దానికి కొత్త సెట్టు అక్కరలే.

మీ అమ్మ బీరువాల చూసింది. నాయినమ్మ గుండ్ల పేరు డబ్బ వట్టిగున్నది. సంక్రాంతికి తీస్కపోయినవట. పెట్టుకుంటానికే తీస్కపోయినవని మేమనుకుంటున్నం. ఒకవేళ తాకట్టుల ఉంటే ఏ కొట్టుల ఉన్నదో రాయి, నెలాఖరుకు బత్తాయి పైసలొస్తయ్. తిట్టను. మీ అమ్మ తిడుతది, దానికి నేనేం చెయ్యలేను.

బయానా పోతే పోయింది. నీ పాత 5, 6 తలలు అరగలే. నా కాడ 950జీహెచ్ ఆర్ షాఫ్టులు ఆరున్నయ్, 5 నుంచి వెడ్జి దాక. ముందు 7-ఐరన్ ఒక్కటి బస్సు పార్సిల్ల వెయ్యి. మొఖానికి గుడ్డ చుట్టు. నల్లగొండ బస్టాండుల నేనే తెచ్చుకుంట.

ఈ ఉత్తరంతోటి సీసం టేపు చుట్ట, ఒక స్టీలు డబ్బల చింతకాయ తొక్కు, సకినాలు పంపుతున్న. సకినాలు ముందు తిను, మెత్తబడతయ్. తొక్కు డబ్బ మూత నేను బిగ్గట్ట పెట్టిన, నూనె కారొద్దని. ఎడమ చేత్తోటి తియ్యకు, పక్క రూం పిల్లతోటి తీపిచ్చుకో.

నీ నాయిన