గుర్రాల క్యాంప్ మూసేస్తారన్న వార్త గురించి

సంపాదకుడు గారికి,

అడవిలో గుర్రాలతో వచ్చినవాళ్ళు బస చేసే గుర్రాల క్యాంప్ మూసేసే ఆలోచన ఉందని మీరు వేసిన వార్త వచ్చి పది రోజులైంది. ఆ రోజే రాద్దామని కూర్చుని, కోపంలో ఏం రాస్తానోనని ఆగాను. కోపం తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. గుర్రాల వల్ల దారులు పాడవుతున్నాయి, క్యాంపంతా లద్దె కంపు అని ఒక అధికారి అన్న మాటను అలాగే అచ్చేశారు. గుర్రం ఎక్కేవాళ్ళను ఒక్కరినైనా అడగాలనిపించలేదా? సరిగ్గా దానికి ముందు వారమే మేం ఏడుగురు స్నేహితులం ఏడు గుర్రాలతో శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం.

ముందు నీళ్ళ సంగతి చెప్తాను. గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్ల దాకా తాగుతుంది, ఎండలో కొండ ఎక్కి దిగితే ఇంకా ఎక్కువ కావాలి. క్యాంప్‌లో తొట్టి ఉంది, కుళాయి ఉంది, కుళాయిలో చుక్క లేదు. తొట్టి నిండా పాచి, కుళ్ళిన ఆకులు. పర్మిట్ కాగితంలో మాత్రం నీటి వసతి ఉందని స్పష్టంగా రాసిచ్చారు! ఆ రాత్రి టార్చిలైట్లు పట్టుకుని నలుగురం వాగు నుంచి బకెట్లతో మోశాం, ఎంత మోసినా ఏడు గుర్రాలకు ఎక్కడ చాలుతాయి. తెల్లారేసరికి మా గుంపులోని ముసలి ఆడగుర్రం మేత ముట్టలేదు. మాటిమాటికీ డొక్క వైపు తల తిప్పి చూసుకుంటోంది, ముందు కాలితో నేల గీరుతోంది. గుర్రాలు పెంచేవాళ్ళకు ఆ రెండూ చూస్తే గుండె జారిపోతుంది, అది కోలిక్ అనే కడుపునొప్పి లక్షణం. నీళ్ళు తగ్గితే తిన్న ఎండుగడ్డి పేగులో గట్టిపడిపోతుంది, గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది వెనక నుంచే బయటికి రావాలి, రాకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒకరు సిగ్నల్ కోసం గుట్టెక్కి పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆయన చెప్పినట్టు మేత తీసేసి, నెమ్మదిగా నడిపిస్తూ రెండు గంటలు గడిపాం. చివరికి లద్దె వేసింది. మీ వార్తలో కంపు అని రాసిన ఆ లద్దె కోసం మేం ఏడుగురం రెండు గంటలు ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూశాం, అది పడ్డాక గుర్రం యజమానురాలు దాని మెడ పట్టుకుని ఏడ్చేసింది.

అక్కడ లద్దె పేరుకుపోయిన మాట నిజమే. గుర్రం రోజుకు 15, 20 కిలోలు వేస్తుంది. మా గుర్రాలది పూట పూటా పారలతో ఎత్తాం, కానీ ఎత్తి పోసే గుంత ఎప్పుడో నిండి పొర్లుతోంది. దాన్ని ఖాళీ చేయించే పని ఎవరిది? గుర్రాలను కట్టే గుంజలు చెదపట్టి ఉన్నాయి, ఒకటి చేత్తో లాగితే ఊడొచ్చింది. మాకు తెలుసు కాబట్టి రెండు చెట్ల మధ్య తలకంటే ఎత్తున తాడు కట్టి, మాను ఒరుసుకోకుండా వెడల్పాటి పట్టీలు చుట్టి, గుర్రాలను ఆ తాడుకు కట్టుకున్నాం. తెలియని కొత్తవాళ్ళు నేరుగా మానుకే కట్టేస్తారు, గుర్రం బెరడు కొరుకుతుంది, వేళ్ళ దగ్గర మట్టి తవ్వేస్తుంది, ఆ చెట్టు ఎండిపోతుంది. గుంజలు బాగుంటే చెట్టు జోలికి ఎవరు పోతారు?

దారుల గురించీ దాచేదేమీ లేదు. 500 కిలోల జంతువు తడి నేల మీద నడిస్తే నేల పాడవుతుంది. అందుకే వాన పడ్డాక మేం వెళ్ళం. కానీ ఆ మలుపుల్లో మేం చూసిన లోతైన చాళ్ళు గిట్టలవి కావు, మోటార్‌బైక్‌ల చక్రాలవి. బైక్‌లు రాకూడదని గేటు మీద బోర్డు ఉంది, గేటుకు గొలుసు లేదు. శనివారం మధ్యాహ్నం రెండు బైక్‌లు వెనక నుంచి దూసుకొచ్చాయి. గుర్రానికి చుట్టూ చాలా దూరం కనపడుతుంది గానీ సరిగ్గా తన వెనక ఉన్నది కనపడదు. చివర వస్తున్న గుర్రం ఒక్కసారిగా పక్కకు గెంతింది, మా స్నేహితుడు పడి మణికట్టు విరిగింది. అదే దారిలో ఇద్దరు సైకిళ్ళవాళ్ళు ఎదురైనప్పుడు దూరం నుంచే పలకరించి, దిగి, దిగువ వైపుకు జరిగి నిలబడ్డారు. గుర్రాలు చెవులు రిక్కించి చూసి ముందుకు నడిచాయి, అంతే. తప్పు చేసింది బైక్‌లవాళ్ళు, మూసేది మా క్యాంప్. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే కదా.

ఈ మధ్య అన్నీ ఇలాగే తయారయ్యాయి. పార్కులో ఊయల విరిగితే బాగుచేయరు, పీకేస్తారు. వీధి కుళాయి చెడితే మూత బిగిస్తారు. ఏళ్ళ తరబడి పట్టించుకోకుండా వదిలేసి, పాడయ్యాక జనానికే వాడుకోవడం రాదంటారు. పర్మిట్ రుసుము మాత్రం ఒక్కసారి కూడా మర్చిపోలేదు, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో మీ విలేకరి అడిగి ఉంటే బాగుండేది.

ఇంత జరిగినా శనివారం రాత్రి ఆ చీకట్లో ఏడు గుర్రాలు వరసగా నిలబడి గడ్డి నములుతున్న చప్పుడు వింటూ పడుకున్నాం. వాగు దగ్గర ఆఖరి గుర్రం తాగేదాకా ఎవరూ కదలకూడదన్నది మా పద్ధతి, ఎందుకంటే తోటివి కదిలితే అది తాగడం మానేసి వాటి వెంట పడుతుంది. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి మొదటిసారి మాతో వచ్చింది, ఆదివారం నాటికి ఎవరూ చెప్పకుండానే తన గుర్రాన్ని ఆపి వెనకవాళ్ళ కోసం చూస్తోంది. ఇది నేర్పే చోటు మాకు ఇంకొకటి లేదు.

కుళాయికి నీళ్ళు, నాలుగు కొత్త గుంజలు, గేటుకు ఒక గొలుసు. మేం అడిగేది ఇంతే. గుంజలు పాతడానికి మేమే వస్తాం, గడ్డపారలు కూడా మావే తెచ్చుకుంటాం. దయచేసి మూసివేత మీద నిర్ణయం జరిగేలోగా మీ విలేకరిని ఒకసారి అక్కడికి పంపి, చూసింది చూసినట్టు రాయించండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకురాలు