రొట్టెలు మార్చుకునే ఊళ్లో బట్టలు మార్చుకోలేమా? కమిషనర్ గారికి ఒక టైలరమ్మ బహిరంగ లేఖ

నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారాలు.

నేను స్టోన్‌హౌస్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను. పీకో, ఫాల్స్, ఆల్టరేషన్లు కూడా చేస్తాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది కాబట్టి ఆఫీసు భాష రాదు. తప్పులుంటే మన్నించండి.

పోయిన కార్తీకంలో వానలకి మా వీధి సైడు కాలువ పొంగి, నీళ్లు గడపదాకా వచ్చాయి. పారిశుద్ధ్య కార్మికులు ఇద్దరు గెడకి ఇనుప కొక్కెం కట్టి తూములో కెలికారు. అరగంట తంటాలు పడితే బయటికొచ్చింది ఒక చీర. ఆరు గజాలూ మోకులాగా మెలితిరిగి ఉంది. అది రాగానే నీళ్లు సర్రున దిగిపోయాయి. నేను అంచు తిప్పి చూశాను, అలవాటు కదా. ఫాల్ చెక్కుచెదరలేదు. ముదురాకుపచ్చ చీరకి మెరూన్ దారంతో కుట్టిన ఫాల్. ఆ రోజు మ్యాచింగ్ దారం అయిపోతే, లోపలివైపే కదా అని మెరూన్ వేసేసింది నేనే. చీర ఎవరిదో కూడా తెలుసు, చెప్పను. ఆమె చెడ్డ మనిషేం కాదు. కట్టుకోని చీరని ఏం చెయ్యాలో తెలియక పారేసింది, అంతే.

మా చిన్నప్పుడు ఈ బాధ లేదు. మధ్యాహ్నం పూట నెత్తిన గంప పెట్టుకుని స్టీలు సామాన్లామె వచ్చేది. రెండు చీరలూ ఒక ప్యాంటూ ఇస్తే ఒక గిన్నె. మా అమ్మ గిన్నెకి మూత కూడా కావాలనేది, ఆమె ఇంకో చొక్కా వెయ్యమనేది. గంటసేపు బేరం. ఇప్పుడూ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తారు గానీ, "లెగ్గిన్సు వద్దమ్మా, నైటీలు వద్దమ్మా, సింథటిక్ వద్దమ్మా" అంటారు. వాటిని కొనేవాడు లేడట. మైకు పెట్టుకుని ఆటోలో తిరిగేవాళ్లు పాత పట్టుచీరలే అడుగుతారు, జరీలో వెండి ఉంటుంది కాబట్టి. డబ్బొచ్చే బట్టకి దారి ఉంది. మిగతాదంతా చెత్త బండి ఎక్కి దొంతాలి డంపింగ్ యార్డుకి పోవాల్సిందే, లేదా మా కాలువలోకి.

దానం చెయ్యొచ్చు కదా అంటారు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి భగత్‌సింగ్ కాలనీ మునిగినప్పుడు మీరు ఇక్కడ ఉండి ఉండకపోవచ్చు. నేను అన్నం పొట్లాలు పంచడానికి వెళ్లాను. ఎక్కడెక్కడినుంచో పాత బట్టలు మూటలు మూటలుగా వచ్చి రోడ్డు పక్కన గుట్టపడ్డాయి. చీరలున్నాయి, వాటికి లంగాల్లేవు. సైజు చూసేవాళ్లు లేరు, మగవాళ్లవీ ఆడవాళ్లవీ వేరు చేసేవాళ్లు లేరు. వానకి తడిసి రెండు రోజుల్లో ముక్కిన వాసన. ఇల్లు పోయిన ఒక పెద్దామె ఆ గుట్టలోంచి ఒక జాకెట్ తీసి, హుక్కులు లేవని చూసి, మళ్లీ మడతపెట్టి అక్కడే పెట్టింది. విసిరెయ్యలేదు, మడతపెట్టింది. అది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ తర్వాత కొందరు కుర్రాళ్లు ఉత్సాహపడి ఒక కూడలిలో ఇనుప రాక్ పెట్టారు. అక్కర్లేనివి పెట్టండి, కావలసినవి తీసుకోండి అని బోర్డు. మొదటి నెల బాగానే నడిచింది. మూడో నెలకి చిరిగిన బనియన్లు, గుండీల్లేని చొక్కాలు మిగిలాయి. పగలు ఎవరూ దాని దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. చీకటి పడ్డాక వెళ్లేవాళ్లు. మన వాళ్లకి 'ఒకరు విడిచిన గుడ్డ' అనే మాట చెంపదెబ్బ లాంటిది సార్. అదే బట్ట అక్క దగ్గరనుంచి చెల్లికి వస్తే సంతోషం. పుట్టిన బిడ్డకైతే మెత్తగా ఉంటుందని ఏరికోరి తాతగారి పాత పంచె చింపి వేస్తాం. కాబట్టి పాత బట్టంటే మనకి అసహ్యం లేదు. చెయ్యి చాచి తీసుకోవాల్సి రావడమే కష్టం.

అందుకే దానం వద్దు, మార్పిడి పెట్టండి అని అడుగుతున్నాను. ఈ ఊరికి అది మీరు కొత్తగా నేర్పక్కర్లేదు. మొహర్రం నెలలో రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో లక్షల మంది చేసే పని అదేగా. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె. పోయినేడు పట్టుకున్నవాళ్లు కోరిక తీరితే ఈ ఏడు వచ్చి ఇస్తారు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే నీళ్లలో మోకాళ్లదాకా దిగి నిలబడతారు. పుచ్చుకున్నందుకు అక్కడ ఎవరూ తల దించుకోరు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇంకొకటి. పోయిన జూన్ మొదటి వారంలో ఒకామె వాళ్ల పాప స్కూలు పినోఫారం తెచ్చింది, మడత విప్పి పొడుగు చెయ్యమని. విప్పడానికి లోపల గుడ్డ లేదు, ముందు ఏడాదే విప్పేశాం. కొత్తది కొనే స్తోమత లేక అడుగున వేరే గుడ్డ అతికించమంది. రంగు కలవదు, పిల్ల ఏడుస్తుంది. అయినా కుట్టాను. సరిగ్గా రెండు రోజుల తర్వాత ఇంకొకామె అదే స్కూలు యూనిఫాం రెండు జతలు తెచ్చింది. వాళ్లమ్మాయి పదో తరగతి అయిపోయింది, వీటిని చింపి కూరగాయల సంచులు కుట్టమంది. గుడ్డ కొత్తదానిలా ఉంది. ఇద్దరి ఇళ్ల మధ్య రెండు వీధుల దూరం. మొదటామెకి ఇప్పిద్దామా అనుకున్నా గానీ, నోరు రాలేదు. ఆమె ఏమనుకుంటుందో, ఈమె ఏమనుకుంటుందో అని టెన్షన్. సంచులే కుట్టిచ్చాను. నాలుగొచ్చాయి.

నేను మధ్యలో ఉండి చెయ్యలేని పని మీరు చెయ్యగలరు. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉండనే ఉంది. 2023లో కేంద్రం ఊరూరా పాత వస్తువుల సేకరణకి ట్రిపుల్ ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) సెంటర్లు పెట్టించింది. ఆ సేకరణతో ఆగకుండా ఒక శనివారం ఒక డివిజన్‌లో, స్కూల్లోనో కమ్యూనిటీ హాల్లోనో బట్టల మార్పిడి పెట్టండి. మొదటిది స్కూలు యూనిఫారాలతో మొదలెట్టండి. జూన్ 12కి బడులు తెరుస్తారు కాబట్టి మే నెల శనివారం సరిపోతుంది. యూనిఫాం ఒకరు విడిచినట్టు కనపడదు, అందరిదీ ఒకటే రంగు.

టికెట్ పెట్టాలా వద్దా అని నాలో నేనే వాదించుకున్నాను. ఒక బట్ట తెస్తే ఒక టికెట్, దానితో ఒక బట్ట. లెక్క బావుంటుంది. మరి తేవడానికి ఏమీ లేనివాళ్ల సంగతి? న్యూయార్క్‌లో నగర పారిశుద్ధ్య శాఖ డబ్బుతో 2007 నుంచి ఇలాంటివి జరుపుతున్నారట. అక్కడ ఏమీ తేకపోయినా కావలసింది తీసుకెళ్లొచ్చు. మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. మన దగ్గర నాదొక మాట: గుమ్మం దగ్గర అందరికీ మూడేసి టికెట్లు ఇచ్చేయండి, తెచ్చినవాళ్లకి ఇంకో రెండు. లోపల ఎవరు ఏం తెచ్చారో ఎవరికీ తెలియదు.

ఫోటోలు మాత్రం వద్దు సార్. తీసుకునేవాళ్ల పక్కన నిలబడి ఫోటో దిగడం మొదలైతే రెండో నెలకి హాలు ఖాళీ.

ఉతికి ఇస్త్రీ చేసినవే తీసుకోవాలి, లోబట్టలు వద్దు. ఒక పెద్ద అద్దం, తెర కట్టిన గది ఒకటి కావాలి, లేకపోతే ఆడవాళ్లు రారు. మెప్మా సంఘాల్లో, అంటే పట్టణ పేద మహిళల పొదుపు సంఘాల్లో, కుట్టుపని వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఇద్దర్ని మిషన్లతో కూర్చోబెట్టి, నడుం బిగించడం, గుండీ వెయ్యడం అక్కడికక్కడే చేయించండి. వాళ్లకి రోజు కూలి ఇవ్వండి. సేవ అని చెప్పి ఊరికే చేయించుకోకండి. ఏరడానికి స్టీలు సామాన్లవాళ్లని పిలవండి. రెండు వేళ్లతో నలిపి కాటనో పాలిస్టరో చెప్పేస్తారు, నాకన్నా వేగంగా. లేకపోతే మనం వాళ్ల కూటికి అడ్డం పడ్డవాళ్లమవుతాం.

మిగిలినవి ఎటూ ఉంటాయి. కాటన్ చీరలు బొంతలకి పోతాయి. బనియన్ గుడ్డని మెకానిక్ షెడ్లవాళ్లు కిలోల లెక్కన కొంటారు. పాలిస్టర్‌తోనే చిక్కు, అది కుళ్లదు. పానిపట్‌లో పాత బట్టల్ని మళ్లీ దారం తీసి దుప్పట్లు నేసే మిల్లులున్నాయి. తడవకుండా బేళ్లు కట్టి అలాంటి చోటికి పంపే ఏర్పాటు మీ స్థాయిలో అవుతుంది, నా స్థాయిలో కాదు. యూరప్ దేశాల్లో 2025 జనవరి 1 నుంచి బట్టల్ని వేరే సేకరించాలని చట్టమే ఉంది. మనం అంతదాకా పోనక్కర్లేదు, చెత్త బండికి పక్కన ఒక గోనెసంచి కట్టినా చాలు మొదట్లో.

ఢిల్లీలో 1999లో గూంజ్ సంస్థ పెట్టిన అంశు గుప్తా గారికి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు పల్లెల్లో పాత బట్టలు ఊరికే ఇవ్వరు. ఊరివాళ్లు తమకి కావలసిన బావో దారో బాగుచేసుకుంటే, ఆ పనికి బదులుగా ఇస్తారు. బట్ట అదే, పుచ్చుకునే తీరు వేరు. నేను అడిగేదీ అంతే.

మీరు హాలు చూపించి, రెండు ప్లగ్ పాయింట్లు ఇప్పిస్తే నా మిషన్ నేనే ఆటోలో వేసుకొస్తాను. కాలువలోంచి తీసిన ఆ ముదురాకుపచ్చ చీరని నాలుగుసార్లు ఉతికి, డెటాల్ నీళ్లలో నానబెట్టి ఆరేశాను. రంగు దిగలేదు. కొంగు దగ్గర కొక్కెం తగిలి చిరిగింది, అది తీసేసి ఏడెనిమిదేళ్ల పిల్లకి లంగా కుట్టాను. మొదటి మార్పిడి జరిగే శనివారం మేజా మీద ముందు అదే పెడతాను. ఈసారి మ్యాచింగ్ దారమే వేశాను.

ఇట్లు,
మీ నగరంలో ఒక టైలర్,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు