కోచ్ డ్రాయింగుల్లో మా తప్పు, రిఫరెన్స్ బీరువా సంగతులు

మోడల్ రైళ్ల కస్టమర్లందరికీ నమస్కారం. ముందు తప్పు సంగతి చెప్పేస్తాం. ఈమధ్య మేం అమ్మిన 1:87 (అసలులో 87వ వంతు) ఐసీఎఫ్ కోచ్ (పెరంబూర్ ఫ్యాక్టరీ పాత రకం రైలు పెట్టె) డ్రాయింగ్ షీట్లలో కొన్ని చిన్నగా ప్రింటయ్యాయి. ప్రింటర్‌లో "ఫిట్ టు పేజ్" అలాగే ఉండిపోయి బొమ్మ 97 శాతానికి తగ్గిపోయింది. రెండు చివర్లా పొడుచుకొచ్చే బఫర్లు వదిలేసి పెట్టె పొడవు ఒకసారి కొలవండి. అసలు పెట్టె 21,337 మి.మీ., 87తో భాగిస్తే 245.3 రావాలి. 238 దగ్గరే ఆగిందంటే ఆ షీటు పనికిరాదు, కొత్తది ఊరికే ఇస్తాం. దాన్ని చూసి ప్లాస్టిక్ షీటు కోసేసుకుంటే ఆ ఖర్చూ మాదే. కిటికీలు కోసేటప్పుడు ఈ తేడా కంటికి ఆనదు. బోగీలు, అంటే కింది చక్రాల చట్రాలు, బిగించేటప్పుడు బయటపడుతుంది. రెండు బోగీల నడిమధ్యల దూరం 14,783 మి.మీ., అంటే మోడల్లో 169.9. మీ షీటులో అది 165 కూడా ఉండదు.

ఇకనుంచి ప్రతి షీటు మీదా 100 మి.మీ. గీతలు రెండు ఉంటాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఒకటే గీత చాలదు. జిరాక్స్ మెషీన్ కాగితం నడిచే దిక్కున ఒకలా, రెండో దిక్కున ఇంకోలా సాగదీస్తుంది.

డ్రాయింగులూ ఫొటోలూ మాన్యువళ్లూ మీరు వచ్చి చూసుకోవడానికి వెనక గదిలో పెడతామన్న రిఫరెన్స్ బీరువా ఆలస్యం కావడానికీ ఇదే కారణం. ఉన్న డ్రాయింగులన్నీ మళ్లీ కొలిచి, తేలినవే ఫైల్లో పెడుతున్నాం.

బీరువాలో ఏది ఎక్కడుందో చెప్పే రిజిస్టరును పుస్తకాల పేర్లతో రాయలేదు. బల్ల ముందు కూర్చున్నవాడికి పుస్తకం పేరుతో పనేంటి, స్లీపర్ పెట్టె చివర గొట్టాలు ఎన్ని అన్నది కావాలి గానీ. అందుకని నాలుగే గళ్లు: ఏ బండి లేదా పెట్టె, ఏ ఏడాది నాటిది, డ్రాయింగా ఫొటోనా మాన్యువలా, ఏ ఫైల్లో ఏ పేజీ. వెతికేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. మన వాడుకలో బోగీ అంటే పెట్టె మొత్తం. రిజిస్టర్లో మాత్రం కింద ఉండే చక్రాల చట్రమే బోగీ.

ఎక్కువ తంటా ఏడాది గడితోనే. తేదీ లేని ఫొటోకి పెట్టె నంబరే ఆధారం. పాత 5 అంకెల నంబర్లలో మొదటి రెండూ తయారైన ఏడాది, మిగతా మూడూ రకం. 98 అని మొదలై తర్వాత 201 నుంచి 400 లోపు ఉంటే 1998 నాటి స్లీపర్. దాన్నిబట్టి ఫొటో అంతకన్నా పాతది కాదని మాత్రమే తెలుస్తుంది, తీసిన రోజు తెలీదు. రంగు ఇంకో ఆధారం. ఇటుక రంగు పోయి నీలం వచ్చింది 1990ల్లో, ఎయిర్ బ్రేకు పెట్టెలతో పాటు.

ఫొటో మీద కొలతలు తీసేటప్పుడు చక్రాన్ని నమ్మొద్దు. కొత్త ఐసీఎఫ్ చక్రం 915 మి.మీ., అరిగి అరిగి 825 దాకా వస్తుంది. బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం అరగదు కదా. అది 2,896, మోడల్లో 33.3. ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్ కొత్త రకం పెట్టె) బోగీకైతే 2,560.

అసలు కొలత అచ్చంగా దించితే పని చెడే చోట్లకు ఎర్ర పెన్సిల్ గుర్తు పెట్టాం. బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది, మన మోడళ్లు నడిచేదేమో 16.5 మి.మీ. ఎడమున్న పట్టాల మీద. కాబట్టి డ్రాయింగులో ఎదురు నుంచి కనిపించే చక్రాల చోటు మీకు పనికిరాదు. ప్లాట్‌ఫాం అంచు కూడా అంతే. పట్టాల మధ్య నుంచి అంచుకు రైల్వే లెక్క 1,680 దాటకూడదు, మోడల్లో 19.3. పెట్టె సగం వెడల్పే 18.65. తిన్నని దారిలో అర మిల్లీమీటరు పైచిలుకు సందుతో గట్టెక్కుతుంది, వంపులో గీసుకుపోతుంది. మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన పెట్టెకు పెన్సిల్ కట్టి వంపులో తిప్పి, గీత పడిన చోటుకు ఇవతల ప్లాట్‌ఫాం కోసుకోండి.

మోడల్ రైళ్ల కొలతలకు అమెరికా సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ పెట్టిన ప్రమాణాలు, యూరప్ వాళ్ల నెమ్ ప్రమాణాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి ప్రింట్లు మేం అమ్మం. పాత టైంటేబుళ్లు మరీ రేటు పెట్టి కొనట్లేదు. వేళలు ఉంటాయి గానీ బండిలో పెట్టెల వరస ఉండదు.

డీకోడర్ (డిజిటల్ కంట్రోల్‌తో నడిచే మోడల్ ఇంజన్‌లో ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్) మాన్యువల్ మాత్రం ఒక్కటీ పారేయకండి. పేరు అదే అయినా వెర్షన్ మారితే సెట్టింగులు మారతాయి. ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు చదవడానికి, మార్చడానికి వాడే విడి పట్టా) మీద సీవీ 7, సీవీ 8 (సీవీ అంటే డీకోడర్‌లో నంబరున్న సెట్టింగు) చదివించి, ఆ రెండు అంకెలూ అట్ట మీద రాసి పెట్టుకోండి. సీవీ 8 తయారీదారుణ్ని చెబుతుంది, సీవీ 7 వెర్షన్ని. సీవీ 8లో 8 రాస్తే చాలా డీకోడర్లు రీసెట్ అవుతాయి, అన్నీ కావు.

కాగితాలకు పీవీసీ కవర్లు వాడొద్దు, ఎండాకాలం ఇంకు వాటికి అంటుకుపోతుంది. పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. స్టేపుల్ పిన్నులు పీకేయండి, వానాకాలం తుప్పు మరకలు పడతాయి. పురుగుకి కలరా ఉండలు వేసేవాళ్లు ఆ అరలో మోడళ్లు పెట్టకండి, ప్లాస్టిక్ పాడవుతుంది.

బీరువా శనివారాలు తెరిచి ఉంటుంది. రుసుము లేదు, ఇంటికివ్వం, మీ పనికి ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. మీ పాత రైలు ఫొటోలు ఇస్తానంటే వెనక తేదీ, స్టేషన్ రాసి ఇవ్వండి. పెన్సిల్‌తోనే, బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందుకు తేలుతుంది.