అమ్మకి నయమైంది, గుంటూరులో మాకు సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. అమ్మ రక్తంలో హెపటైటిస్ సి వైరస్ లేదని నిన్న రిపోర్టు వచ్చింది. మందుల కోర్సు అయిపోయిన 12 వారాలకు చేసే పరీక్ష ఇది. ఇందులోనూ వైరస్ కనపడకపోతే అది నయమైనట్టే లెక్క. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పాల్సిన మాటే గానీ, కొందరి పేర్లు కూడా మాకు తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మకి అర్ధరాత్రి రక్తపు వాంతులు మొదలైతే, కొరిటెపాడులో మా పక్కింటి అన్నయ్య అడక్కుండానే కారు తీశాడు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్లు ముందు రక్తం ఎక్కించి, రక్తస్రావం తగ్గే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. తర్వాత ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో ఉబ్బిన సిరలకు బ్యాండ్లు వేశారు. లివర్ గట్టిపడితే దానిలోకి పోవాల్సిన రక్తానికి దారి ఉండదట. లాకులు దించేసిన కాలవలో నీళ్లు పక్క బోదెల్లోకి ఎగదన్నినట్టు, ఆ రక్తం చిన్న సిరల్లోకి మళ్లి వాటిని పగలగొడుతుందని డాక్టరుగారు నాకు అర్థమయ్యేలా చెప్పారు.

మందు వాసన కూడా పడని మనిషికి లివర్ జబ్బేంటని చుట్టాలంతా అదే ప్రశ్న. తాగుడు ఒక కారణం మాత్రమేనని, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరు, ఊబకాయంతో పాటు వచ్చే ఫ్యాటీ లివర్, పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలు కూడా లివర్‌ని ఇలాగే పాడుచేస్తాయని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. బ్యాండ్లు వేసి మందులు రాసి పంపేయొచ్చు. ఆయన అలా చేయలేదు. మంచం పక్కన కూర్చుని ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, పచ్చబొట్టు ఉందా, పల్లెలో ఇంజెక్షన్లు చేయించుకున్నారా, రక్తం ఎక్కించారా అని ఒక్కొక్కటే అడిగారు. 1986లో తమ్ముడు పుట్టినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారని అప్పుడు అమ్మే చెప్పింది. ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంటే ఆ రోజుల్లో రక్తంలో దీన్ని వెతికే పరీక్షే లేదు. అన్నేళ్లు ఏ నొప్పీ లేకుండా లోపల పాడుచేస్తూ వచ్చింది. ఆ ప్రశ్నలు వేసినందుకు ఆ డాక్టరుగారికి మా కుటుంబం జన్మంతా రుణపడి ఉంటుంది.

ముందు యాంటీబాడీ పరీక్ష, తర్వాత రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, రెండింటిలోనూ బయటపడింది. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర, దాంతోపాటు రైబావిరిన్ 12 వారాలు వాడాం. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. ఆ సంగతి చెప్పి, కాగితాలన్నీ దగ్గరుండి రాయించిన కౌన్సిలర్ గారికి ప్రత్యేకంగా నమస్కారాలు. ఖర్చు ఎలాగా అని నాన్న పడ్డ టెన్షన్ ఆ రోజుతో తీరింది.

వార్డులో ఉన్న సిస్టరమ్మ గురించి చెప్పకపోతే తప్పు. అమ్మ పగలంతా నిద్రపోతూ, రాత్రిళ్లు మెలకువగా ఉంటూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే నీరసమేమో అనుకున్నాం. ఆవిడ చేతులు ముందుకు చాచమంది. మణికట్లు రెండూ పక్షి రెక్కల్లా ఆడాయి. వెంటనే డాక్టర్ని పిలిచింది. రక్తంలో చేరిన విషాలు మెదడుకు ఎక్కితే అలా అవుతుందట. లాక్టులోజ్ సిరప్ పట్టించి, రోజుకు రెండు మూడు సార్లు విరేచనం అయ్యేలా చూశాక అమ్మ మళ్లీ మా అమ్మలా మాట్లాడింది. చుట్టాలు కంచం వేరుగా పెట్టమంటే, ఒకే కంచంలో తిన్నా ఇది అంటదు, బ్లేడు, సూది, టూత్‌బ్రష్ మాత్రం వేరుగా ఉంచమని వాళ్ల ముందే చెప్పింది కూడా ఆవిడే. అమ్మ ఆ మాటకి ఎంత సంతోషించిందో!

డైటీషియన్ గారికి కూడా థాంక్స్. పత్యం పేరుతో అమ్మని ఎండబెట్టకుండా పప్పు, గుడ్డు, మజ్జిగ బాగా పెట్టమన్నారు. కండ కరగకుండా పడుకునే ముందు కూడా కొంచెం ఏదైనా తినాలన్నారు. ఉప్పు తగ్గించాలి కాబట్టి గోంగూర పచ్చడి, ఆవకాయ బంద్. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు, అయినా అందరం మానేశాం.

వైరస్ పోయినా గట్టిపడిన లివర్ అలాగే ఉంది. అందుకని ఆరు నెలలకోసారి స్కానింగు, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష జీవితాంతం చేయించాలి, క్యాన్సర్ వస్తే మొదట్లోనే పట్టుకోవడానికి. మీ ఇళ్లలో ఎవరికైనా పాతరోజుల్లో రక్తం ఎక్కించి ఉంటే, ఒక్కసారి హెపటైటిస్ సి పరీక్ష చేయించండి. దయచేసి అశ్రద్ధ చేయకండి.

ఆ రాత్రి తమ్ముడి ఫోన్ అందుకుని తెనాలి నుంచి బైకుల మీద వచ్చి రక్తం ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయిన కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇద్దరెవరో మాకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే కబురు చేయండి బాబూ. మిమ్మల్ని భోజనానికి పిలవమని అమ్మ రోజూ అడుగుతోంది.