చూడదగ్గ స్థలాల మధ్యలో

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో సీమలో చూడదగ్గ స్థలాల పట్టిక వేశారు. గండికోట, బెలుం గుహలు, యాగంటి, లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను. ఒక్కోదాని పక్కన ఎన్ని కిలోమీటర్లో, ఎంతసేపట్లో చేరుకోవచ్చో కూడా రాశారు. తప్పు పట్టడానికేమీ లేదు, అన్నీ చూడాల్సినవే. కాకపోతే మీరు అంకె వేసి వదిలేసిన ఆ కిలోమీటర్ల మీదే నా బతుకు గడిచింది. వాటి తరఫున నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్లు డ్రైవరుగా పనిచేశాను. ఎక్కువ కాలం గుత్తి, పత్తికొండ, ఆదోని రోడ్డు మీదే. మా ఇంటామె పుట్టిల్లు ఆదోని పక్కన పల్లె. పాసు ఉండేది కాబట్టి ఏడాదికి నాలుగైదు సార్లు నా బస్సులోనే, నా వెనక సీట్లోనే కూర్చుని వెళ్లేది. "ఏమండీ, ఆ బండల మీద ఏముంది?" "ఆ పొలంలో అంతమంది వంగి ఏం వెతుకుతున్నారు?" అని దారి పొడవునా అడిగేది. "తర్వాత చెబుతాలే" అనేవాణ్ణి. బస్సుకు టైము ఉంటుంది. డ్రైవరు ఆగాలనుకున్న చోట బస్సు ఆగదు. రిటైరయ్యాక ఒక పాత మారుతి కారు కొన్నాను. తాళం చేతికి వచ్చిన రోజు ఆమె అడిగింది ఒక్కటే: "ఇప్పుడైనా ఆగుతారా?"

మొన్న జూన్‌లో మంత్రాలయం వెళ్దామని తెల్లవారుజామునే గుత్తిలో బయలుదేరాం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకున్నాం. పట్టుమని పదిహేను కిలోమీటర్లు పోకముందే ఎర్రగుడి దగ్గర మొదటిసారి ఆగాం. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంట పడేదాకా అవి ఏమిటో బయటి ప్రపంచానికి తెలియదు. వేల సార్లు వాటి పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పోయినవాణ్ణి, నాకూ తెలియదనే అనుకోండి. బండలెక్కి చూస్తే పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి అక్షరాలు చక్కగా లేచి కనిపించాయి. ఒకచోట అక్కడి కాపలా మనిషి పుల్లతో చూపించాడు. ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి పోతుంది, దాని కిందిది కుడి నుంచి ఎడమకు వస్తుంది. మా ఇంటామె పెద్ద చదువులేమీ చదవలేదు. చూసీ చూడగానే, "మడక తిప్పినట్టుంది కదండీ, చాలు చివరికి పోయి ఎద్దుల్ని మళ్లించినట్టు" అంది. తర్వాత లైబ్రరీలో పుస్తకం తీసి చూస్తే పండితులు కూడా ఆ రాతను ఎద్దు నడకతోనే పోల్చారు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "దానికి పుస్తకం ఎందుకు?" అంది.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి చదివాను. అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఎర్రగుడిలో ఉన్నాయి. రెండో దాంట్లో ఆయన చెప్పుకున్నది ఇదీ: మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాను, మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాను, దారుల వెంట బావులు తవ్వించాను, చెట్లు పెట్టించాను. నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఈ రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు ఉండేవి. కొన్నిచోట్ల పైన కొమ్మలు కలిసిపోయి బస్సు టాపుకు రాసుకునేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చాలా పోయాయి. రోడ్డు వెడల్పయితే సంతోషించేవాళ్లలో నేను ముందుంటాను, అది వేరే సంగతి. కానీ ఉగ్గాని పొట్లం విప్పడానికి నీడ కోసం వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది.

చివరికి ఒక టమాటా తోట గట్టున తుమ్మచెట్టు కింద తిన్నాం. ఆ తోటలో దిష్టిబొమ్మకు హెల్మెట్ పెట్టి ఉంది. మేము తింటున్నంతసేపట్లో రోడ్డు మీద పోయిన బైకుల్లో ఒక్కరి నెత్తిన కూడా హెల్మెట్ లేదు.

తొలకరి పడింది కాబట్టి తుగ్గలి, జొన్నగిరి వైపు పొలాల్లో వజ్రాల వేట మొదలయింది. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. స్టవ్వూ గిన్నెలూ తెచ్చుకుని చెట్ల కింద వండుకుంటారు. సూర్యుడు ఎదురుగా ఉండేటట్టు నడవాలట, అప్పుడే రాయి తళుక్కుమంటుందట. మా ఇంటామె చెంగు దోపుకుని దిగింది. గంటసేపు వంచిన నడుం ఎత్తలేదు. ఇంట్లో మోకాళ్ల నొప్పులని మెట్టు ఎక్కని మనిషి! దొరికిందేమిటంటే పాత సోడాబుడ్డి ముక్క, ఆకుపచ్చది. దాన్ని పర్సులో వేసుకుంది, ఇప్పటికీ ఉంది. పక్క పొలం రైతు మాత్రం విసిగిపోయినట్టున్నాడు. గట్టు మీద ఒక కడప బండ నిలబెట్టి దాని మీద సున్నంతో ఇలా రాశాడు: "విత్తినాము. తొక్కరాదు. వజ్రము లేదు."

పత్తికొండ ఇంకా రాకముందే టైరు పంక్చరయింది. అది కూడా చూడదగ్గ స్థలమే అయింది. పంక్చర్ షాపు ముందు జనం కూర్చోవడానికి వేసిన బెంచీ పాత ఆర్టీసీ బస్సు సీటు. రెక్సిన్ చిరిగి, లోపలి కొబ్బరిపీచు బయటికి వచ్చింది. అయినా పక్కన రేకు మీద "స్త్రీలు" అన్న అక్షరాలు చెరగలేదు. నేను అలవాటుగా కూలబడ్డాను. మా ఇంటామె ఆ అక్షరాలు చూపించి, "ఇన్నేళ్లూ ఎంతమందిని లేపారు, ఇప్పుడు మీరు లేవండి" అంది. షాపు కుర్రాడు నవ్వు ఆపుకోలేక జాకీ వదిలేశాడు. ట్యూబు అతికేదాకా నిలబడే ఉన్నాను. గుత్తి కొండ మీద కోట కట్టిన రాజుల సంగతి, పత్తికొండలో 1827లో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు మన్రో దొర సంగతి ఆ కుర్రాడికి చెప్పబోయాను. అతను మన్రో పేరు విని "మా తాత తాతకు ఆ పేరే పెట్టారు సార్, మునెప్ప" అన్నాడు. అది నిజమో, నన్ను ఆట పట్టించాడో తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంత దారిలోనూ మా ఇంటామె గ్లాసెడు నీళ్లు కూడా తాగలేదు. ఎండలో గంటసేపు వజ్రాలు వెతికాక కూడా పెదాలు తడుపుకుని ఊరుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్లు బస్సులో ఆడవాళ్లను చూసినవాణ్ణి, అడగక్కర్లేదు. ఒక పెట్రోలు బంకులో ఆపాను. మరుగుదొడ్డి ఉంది, తాళం ఉంది, తాళంచెవి మాత్రం మేనేజరు జేబులో ఉంది, ఆయన భోజనానికి వెళ్లాడు. చూడదగ్గ స్థలాల పట్టికలో ఎన్ని కిలోమీటర్లో రాసేవారు, ఆ కిలోమీటర్లలో ఆడమనిషి ఎక్కడ ఆగవచ్చో కూడా ఒక వరుసలో రాస్తే ఆ పట్టిక కత్తిరించి కారులో అంటించుకుంటాను.

మంత్రాలయం చేరేసరికి రాత్రయింది, దర్శనం మర్నాడు చేసుకున్నాం. దానికి మాకు బాధ లేదు.

ఒక చిన్న మనవి. ఎర్రగుడి మలుపు దగ్గర శాసనాలకు దారి చూపే బోర్డు ఉంది. మేము వెళ్లిన రోజు దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది, బాణం గుర్తు కొస మాత్రమే కనిపిస్తోంది. దారి తెలిసినవాణ్ణి కాబట్టి నేను తిరిగాను. దసరాకు మళ్లీ అటే వెళ్తున్నాం. మీ విలేకరి ఎవరైనా అటువైపు పోతే ఆ తాళ్లు విప్పించమని చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
గుత్తి, అనంతపురం జిల్లా